నూటికి ఒకటిన్నర

తప్పు నాదే.
అక్టోబరులో పడవను ఒడ్డుకు లాగిన రోజు
పంపు అడుగున బిరడా విప్పి
మిగిలిన నీళ్ళు వదిలేయాలి.
ఎన్ని నీళ్ళని? గుప్పెడు.
చేతులు కొంకర్లు పోతున్నాయని, రేపు చూద్దాంలే అని
పొయ్యి మీది చేపల పులుసు తలుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాను.

ఆ రేపు ఏప్రిల్లో వచ్చింది.
గుప్పెడు నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి,
నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్దదైన కంచును
నిలువునా చీల్చాయి.
వెలుతురుకి ఎత్తి చూస్తే
వెంట్రుక మందాన ఆకాశం.

ఒంటి సిలిండర్ ఇంజను. దానికి ఈ పంపే గుటక.
సముద్రాన్ని చెంబుడు చెంబుడుగా మింగి
మంటచుట్టూ తిప్పి
పక్కనుంచి ఉమ్మేస్తుంది.
గుటక పడకపోతే పావుగంటలో బిగుసుకుపోతుంది.

చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
ఆ చిరునామాకి ఫోన్ చేస్తే
ఇప్పుడక్కడ పిల్లల ఈతకొలనట.
"మా దగ్గరా పంపుంది గానీ
మీకు పనికిరాదమ్మా," అందావిడ, పాపం, నిజంగానే బాధపడుతూ.

నంబరు చెప్పమన్నారు ఓలెసుండ్ పాతసామాన్ల వాళ్ళు.
ఎనిమిది పొరల రంగు గీకాక తేలిన అంకె
మూడో, ఎనిమిదో.
మూడనుకుని తెప్పించింది ఎడమచేతివాటం.
ఎనిమిదనుకుని తెప్పించింది అన్నీ సరే,
బోల్టు కన్నాలు మాత్రం నూలువాసి ఎడం.
నూలువాసే కదా అని సుత్తి తీసుకున్నాను.
దించేశాను.

"ఇంగెబ్రిక్ట్ కిటికీలో ఒకటి చూశానే,"
అంది తాళ్ళూ గాలాలూ అమ్మే యోర్డిస్,
"అందులో కొవ్వొత్తి గుచ్చుతాడు."

రెండు ఫెర్రీలు మారి వెళ్ళాను.
పాత పడవ కాల్చేస్తే సర్కారు డబ్బిచ్చిన రోజుల్లో
తన పడవకి తనే నిప్పుపెట్టినవాడు.
స్పేరు పంపు ఆ రోజు షెడ్డులో ఉండిపోయింది,
అంతే.
"అమ్మను," అన్నాడు, నేను కూర్చోకముందే.
కాఫీ పోశాడు. చాలాసేపటికి అడిగాడు:
"ఆపేముందు నీది ఎన్నిసార్లు దగ్గుతుంది?"
"మూడు."
"రెండే దగ్గాలి."
లేచి, కొవ్వొత్తి పీకి, మైనం గోటితో గీకి
పంపును నా ఒళ్ళో పెట్టాడు.
"డిసెంబరుకి కిటికీలో ఉండాలి."

పోతపోసే కెస్తుటిస్ లిథువేనియా నుంచి వచ్చినవాడు,
మాట తక్కువ, వేళ్ళు తొమ్మిది.
పంపును తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.
ఇసుకలో దీన్నే అచ్చుగా నొక్కితే కుదరదట.
కరిగిన కంచు చల్లారుతూ ముడుచుకుంటుంది,
నూటికి ఒకటిన్నర పాళ్ళు.
మూసపోసినట్టున్నారని ఎంత తేలిగ్గా అనేస్తాం!
మూసపోస్తే ఎప్పుడూ కాస్త చిన్నదే వస్తుంది.

అందుకని ముసలి పంపుకి మైనం పూశాడు,
పొర మీద పొర,
జ్వరమొచ్చిన పిల్లకి దుప్పట్లు కప్పినట్టు.
కన్నాల దగ్గర పూత వేరు, అంచున వేరు.
కాలిపర్సు పెట్టి కొలిచి, మళ్ళీ పూసి,
ఆ సాయంత్రమంతా ఒక వస్తువును
దానికంటే కొంచెం పెద్దదిగా చేస్తూ కూర్చున్నాం.

మొదటి పోతలో బుడగ. రెండోది నిలిచింది.

జూన్లో పడవ పక్కనుంచి
బొటనవేలంత ధార.
చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చన.
పెట్టిన చెయ్యి తీయబుద్ధి కాలేదు.

పాతదాన్ని పడవలోనే తీసుకెళ్ళాను, నవంబరు మొదట్లో.
ఇంగెబ్రిక్ట్ రేవు చివర నిలబడ్డాడు.
కొత్త పంపు వంక చూడలేదు.
పాతదాన్ని చేతిలో బరువు చూసుకుని
"లావైంది," అన్నాడు.
మూలల్లో ఇంకా మైనముంది మరి.

"ఇంజనాపు."
ఆపాను.
ఒకటి. రెండు.
ఇద్దరం నీళ్ళవైపు చూస్తూ
మూడోదాని కోసం ఆగాం.